అనుకోకుండా ఆనర్స్ పిలుపు వచ్చిందా? మిగతా యూనివర్సిటీలతో ఇలా బేరీజు వేయండి

అమెరికాలో పన్నెండో తరగతి పిల్లలున్న ఇళ్లలో ఏటా ఇదే చూస్తున్నాను. ఏదో ఒక స్టేట్ యూనివర్సిటీ నుంచి, అడగకుండానే, ఆనర్స్ కాలేజీలోకి (ఎంపిక చేసిన విద్యార్థుల కోసం యూనివర్సిటీలోనే నడిపే ప్రత్యేక విభాగం) తీసుకున్నామని లెటర్ వస్తుంది. ఒక ఇంట్లో ఆ సంతోషంలో వెంటనే సీటు ఖాయం చేసుకునే డిపాజిట్ కట్టేస్తారు. ఇంకో ఇంట్లో ఆ యూనివర్సిటీ ర్యాంకు తక్కువని పక్కన పడేస్తారు. లెటర్ పూర్తిగా చదివినవాళ్లు రెండిళ్లలోనూ ఉండరు.

కావాల్సినవి: అడ్మిషన్, ఎయిడ్ (ఆర్థిక సాయం) లెటర్లన్నిటి ప్రింట్లు, ఒక పెద్ద కాగితం, పెన్ను. ఫోన్‌లో చూసి పోల్చకూడదు.

1. ముందు తేదీలు రాయండి. చాలా కాలేజీలకు గడువు మే 1. ఆనర్స్‌కు ఒప్పుకోవాల్సిన తేదీ అంతకంటే ముందే ఉండొచ్చు. రెండు చోట్ల డిపాజిట్ కట్టి తర్వాత చూసుకుందామనుకోవద్దు, సీటు పోయే ప్రమాదం ఉంది.

2. ట్యూషన్ (చదువు ఫీజు), డార్మ్ (హాస్టల్), భోజనం, ఫీజులు కూడి, అందులోంచి తిరిగి కట్టక్కర్లేని డబ్బు మాత్రమే తీసేయండి. ఎయిడ్ లెటర్లో మొదటి ఏడాదికి 5,500 డాలర్లని కనిపిస్తే అది చాలావరకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే అప్పే. కొన్నిచోట్ల ఆనర్స్‌కు విడిగా ఫీజు ఉంటుంది, అదీ కలపండి. నాలుగేళ్లకూ లెక్క వేయండి.

3. అసలు పని ఇక్కడుంది. ఆనర్స్ అన్న మాటకు అన్ని చోట్లా ఒకే అర్థం లేదు. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో ప్లాన్ టూ అనే ఆనర్స్ ప్రోగ్రాం దానికదే ఒక మేజర్ (డిగ్రీలో ఎంచుకునే ప్రధాన సబ్జెక్టు). పెన్ స్టేట్ యూనివర్సిటీలో ష్రేయర్ ఆనర్స్ కాలేజీ పిల్లలు తమ మేజర్ చదువుతూనే థీసిస్ (సొంత పరిశోధన వ్యాసం) రాయాలి. ఆరెగన్ యూనివర్సిటీలో క్లార్క్ ఆనర్స్ కాలేజీకి సొంత అధ్యాపకులున్నారు. ఇంకొన్ని చోట్ల ముందుగా క్లాసులు ఎంచుకునే వీలు, మంచి డార్మ్, మొదటి ఏడాది రెండు సెమినార్లు (కొద్దిమంది కూర్చుని చర్చించే క్లాసులు), అంతే.

మా అక్క కూతురు ఇక్కడే దెబ్బతింది. మూడో ఏడాదికొచ్చేసరికి తన మేజర్‌లో ఆనర్స్ క్లాసులే లేవు. మామూలు క్లాసులోనే అదనంగా ఒక ప్రాజెక్టు చేసి, దాన్ని ఆనర్స్ కింద రాయించుకోవాల్సి వచ్చింది. ప్రతి సెమిస్టరూ ప్రొఫెసర్లను బతిమాలుకుంది. అందుకే ఆనర్స్ ఆఫీసును ఇవి అడగాలి: మా మేజర్‌లో మూడు, నాలుగు ఏళ్లలో ఏ ఆనర్స్ క్లాసులున్నాయి? చేరినవాళ్లలో ఎంతమంది చివరిదాకా పూర్తి చేస్తున్నారు? థీసిస్‌కు గైడ్‌ని ఎవరు వెతకాలి?

డబ్బు గురించి విడిగా అడగండి. ఆనర్స్‌లో ఉండటానికి కావాల్సిన జీపీఏ (గ్రేడ్ల సగటు), స్కాలర్‌షిప్ నిలవడానికి కావాల్సిన జీపీఏ ఒకటే కాకపోవచ్చు. ఆనర్స్ మానేస్తే స్కాలర్‌షిప్ పోతుందా? జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి, ఫోన్లో చెప్పిన మాట చాలదు.

ఇంకొకటి, చాలామంది బోల్తా పడేది: ఆనర్స్‌లో సీటు వచ్చినంత మాత్రాన మేజర్‌లో సీటు వచ్చినట్టు కాదు. కంప్యూటర్ సైన్స్, ఇంజనీరింగ్ లాంటి వాటికి కొన్ని యూనివర్సిటీల్లో మొదటి ఏడాది తర్వాత మళ్లీ పోటీ పడాలి. పోల్చే రెండో యూనివర్సిటీ నేరుగా మేజర్‌లోకి తీసుకుంటే, నా లెక్కలో దానిదే పైచేయి.

ఈ ఫోన్లు, ఈమెయిళ్లు పిల్లలే చేయాలి. తల్లిదండ్రులు చేస్తే బ్రోషర్‌లోని మాటలే మళ్లీ వినిపిస్తాయి.

ర్యాంకుల పట్టిక పెట్టుకుని తేల్చేవాళ్లతో నాకు పేచీ. ఆ ర్యాంకు యూనివర్సిటీ మొత్తానిది. మీ పిల్ల కూర్చునే ఇరవైమంది క్లాసు గురించి అది ఏమీ చెప్పదు. స్వార్త్‌మోర్ కాలేజీలో అప్పటి అధ్యక్షుడు ఫ్రాంక్ ఐడెలాట్ 1922లో ఆనర్స్ మొదలుపెట్టింది కూడా ఆక్స్‌ఫర్డ్ తరహాలో చిన్న సెమినార్ల కోసమే. మీరు కొలవాల్సింది అదే.

4. వీలైతే పిల్లల్ని తీసుకెళ్లి ఒక ఆనర్స్ క్లాసులో కూర్చోనివ్వండి. మూడో ఏడాది విద్యార్థితో మాట్లాడించండి, టూర్ తిప్పేవాళ్లతో కాదు.

5. తేలాక ఒక్కచోటే డిపాజిట్ కట్టి, మిగతా కాలేజీలకు రావడం లేదని అదే రోజు తెలియజేయండి. ఆ సీటు కోసం వెయిట్‌లిస్టులో ఇంకో పిల్ల ఎదురుచూస్తూ ఉంటుంది.