కుక్కా పిల్లీ తిరిగే పెరట్లో ఏ మొక్కలు పెట్టాలి

మా పెరట్లో కుక్కా పిల్లీ రెండూ తిరుగుతాయి, అందుకే నర్సరీకి వెళ్తే పువ్వు కంటే ముందు ఆకు చూస్తాను. గన్నేరు వద్దే వద్దు. కొమ్మ చుట్టూ మూడేసి చొప్పున, పొడవుగా, దళసరిగా ఉండే ఆకులే దాని గుర్తు. ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే, గుండె మీద పనిచేస్తుంది. పచ్చగన్నేరూ అంతే. సైకస్ అందంగా ఉంటుంది కానీ దాని గింజలు కుక్క లివర్‌ను పాడుచేస్తాయి.

పిల్లి ఉన్న ఇంట్లోకి లిల్లీ పూల బొకే కూడా రానివ్వకండి. ఒంటికి అంటిన పుప్పొడిని నాక్కున్నా దాని కిడ్నీలు దెబ్బతింటాయి. మనీ ప్లాంట్, డిఫెన్‌బాకియా నమిలితే నోరు మండి చొంగ కారుతుంది. వాటిని ఎత్తులో వేలాడదీసినా పిల్లికి అందుతాయి, మానేయడమే మేలు.

మరి ఏం పెట్టాలి? మల్లె, మందారం, జినియా, పొద్దుతిరుగుడు. గులాబీ కూడా మంచిదే, ముళ్ళే చూసుకోవాలి. నీడలో అరెకా పామ్, స్పైడర్ ప్లాంట్. ఒక కుండీలో గోధుమగడ్డి వేయండి, పిల్లి దాన్నే కొరుక్కుంటుంది.

ఎరువు సంగతి చాలామంది పట్టించుకోరు. ఆముదపు పిండి వాసనకు కుక్కలు ఎగబడి తింటాయి, అది ప్రాణాంతకం. వర్మీ కంపోస్ట్ వాడండి.

ఏదైనా తిన్నట్టు అనుమానం వస్తే ఉప్పునీళ్ళు పట్టి కక్కించొద్దు. ఆ కొమ్మే తుంచి కవర్లో వేసుకుని వెంటనే వెటర్నరీ డాక్టర్ దగ్గరకు పరిగెత్తండి.