పాప్ ఆర్ట్ కొలాజ్ క్లాసుకు ముందు

పిల్లల చేత కొలాజ్, అంటే కాగితం ముక్కలు అతికించి చేసే బొమ్మ, చేయించేటప్పుడు ముఖాల ఫొటోలు ఇంక్‌జెట్ ప్రింట్లుగా ఇవ్వొద్దు. జిగురు తడి తగిలితే చాలావాటికి రంగు కారిపోతుంది, పాడైన ముఖం మళ్లీ బాగుపడదు. లేజర్ ప్రింటో జిరాక్స్ కాపీయో నయం. అయినా ఒక ముక్కకు ముందే జిగురు రాసి చూసుకోండి, క్లాసులో టెన్షన్ ఉండదు.

అడుగున 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల) మందపాటి కాగితం లేదా అట్ట. పల్చటిదైతే ఆరేసరికి ముడతలే.

ఆయిల్ పాస్టెల్ ఆఖరున. దాని మీద యాక్రిలిక్ రంగు పట్టదు, పొరలా లేచిపోతుంది.

ముక్కలు పేర్చి, ఫొటో తీశాకే జిగురు. ఫ్యాన్ గాలికి లేచినా మళ్లీ అలాగే పేర్చొచ్చు.

నల్ల మార్కర్ గీతలు రంగు పూర్తిగా ఆరాకే. తడి రంగు మార్కర్ మొనను మూసేస్తుంది.

పత్రికల బొమ్మలు మీరే ముందు కత్తిరించి పెట్టండి. 1956లో బ్రిటిష్ పాప్ ఆర్ట్ చిత్రకారుడు రిచర్డ్ హామిల్టన్ పేరుపొందిన కొలాజ్ చేసిందీ పత్రికల బొమ్మలతోనే. కానీ పిల్లలకు పత్రిక ఇస్తే చదువుతూ కూర్చుంటారు!