ఓడిన ఆటను చదవడం ఎలా: చెస్‌లో మెరుగవ్వాలనుకునేవాళ్ళకు

ఉద్యోగమో చదువో చూసుకుంటూ, చెస్‌కు రోజుకు ఓ గంట మాత్రమే ఇవ్వగలిగేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఓపెనింగ్ వీడియోలు, అంటే ఆట మొదటి ఎత్తులు నేర్పేవి, కొన్నాళ్ళు పక్కన పెట్టండి. నా లెక్కలో అసలు చదువంతా మీరు ఆడిన ఆటల్లోనే ఉంది, అందులోనూ ఓడిన వాటిలో.

అయితే చదవడానికి తగ్గ ఆట ఉండాలి కదా. మూడు నిమిషాల బ్లిట్జ్‌లో వెతికినా ఏమీ దొరకదు, అక్కడ ఆడేది చెయ్యే తప్ప బుర్ర కాదు. వారానికి ఒకటో రెండో ఆటలు చాలు, కానీ ఒక్కొక్కరికి అరగంటయినా ఉండాలి. అంత తీరిక లేకపోతే 15 నిమిషాలు, ఎత్తుకు 10 సెకన్లు కలిసే ఆటైనా ఫర్వాలేదు. బ్లిట్జ్ మానేయమని అననులెండి, నేనే మానలేదు. దాన్ని చదువు ఖాతాలో రాసుకోవద్దంటున్నాను, అంతే.

ఆట అవగానే వేలు ఇంజిన్ (ఎత్తులు లెక్కకట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్) బటన్ మీదకు పోతుంది. అక్కడ ఆగండి. స్టాక్‌ఫిష్ లాంటి ఇంజిన్ సరైన ఎత్తు చూపిస్తుంది, మీరు "అవును కదా" అనుకుంటారు, తెల్లారేసరికి మర్చిపోతారు. ముందు ఆటను మీరే మొదటి నుంచి నడిపించుకోండి. ఎక్కువసేపు ఆలోచించిన చోట, టెన్షన్ పడిన చోట, ఎదుటివాళ్ళ ఎత్తు చూసి ఉలిక్కిపడిన చోట ఆగి, ఆ క్షణంలో మనసులో ఏముందో రాయండి. ఏ ఎత్తు వేసి ఉండాల్సిందన్నది తర్వాత చూసుకోవచ్చు. ఏమనుకుని వేశారన్నది మాత్రం ఆ రోజే రాయాలి.

నాతో ఆడే మిత్రుడి నోట్‌బుక్‌లో ఇలాంటి వాక్యాలుంటాయి: "22వ ఎత్తు. నాకో బంటు ఎక్కువుంది కాబట్టి ఏనుగులు మార్చేద్దామనుకున్నా. తిన్న గుర్రం డీ4లో కూర్చుంటుందని చూడలేదు." (గడి పేరులో అక్షరం నిలువు వరసది, ఏ నుంచి హెచ్ దాకా; అంకె అడ్డ వరసది. డీ4 అంటే డీ వరసలో నాలుగో గడి.) విడిగా చూస్తే ఇందులో పెద్ద విశేషమేమీ లేదు. కొన్ని ఆటల పేజీలు కలిపి తిరగేస్తే మాత్రం జబ్బు బయటపడింది. "నేను తిన్నాను, ఎదుటివాడు తిన్నాడు, లెక్క సరిపోయింది" అనుకోగానే మిత్రుడి ఆలోచన ఆగిపోతోంది. తిన్న పావు ఇప్పుడు ఎక్కడ నిలబడింది, అక్కడి నుంచి ఏం చేస్తుంది అన్న ప్రశ్నే రావట్లేదు. ఇప్పుడు ప్రతి మార్పిడిలో ఇంకో ఎత్తు ముందుకు చూడటమే అతని సాధన. ఇంజిన్ తప్పు ఎత్తు చూపిస్తుంది గానీ, ఆ ఎత్తు వెనకున్న అలవాటును చూపించదు.

ఇదంతా రాశాక ఇంజిన్ పెట్టండి. మీ అభిప్రాయమూ దాని అభిప్రాయమూ బాగా తేడా వచ్చిన చోట్లే చూడండి, మిగతావి వదిలేయొచ్చు.

పజిల్స్ రోజూ ఇరవై నిమిషాలు. లీచెస్ అనే చెస్ వెబ్‌సైట్‌లో కావలసినన్ని ఉచితంగా ఉన్నాయి. మొదటి పావును ముట్టుకునే ముందే, ఎదుటివాళ్ళ గట్టి జవాబుతో సహా చివరి వరకూ లెక్క కట్టాలి. చెక్‌లు, పావులు తినే ఎత్తులు, బెదిరింపులు, ఈ వరసలో వెతకండి. "వేసి చూద్దాం" అనుకుంటూ యాభై చేసేకంటే నిదానంగా ఐదు చేయడం నయం.

గొప్పవాళ్ళ ఆటలు చదివేటప్పుడు తర్వాతి ఎత్తును చేత్తో మూసి, ముందు మీరు ఊహించండి. 1858లో పారిస్ ఒపేరాలో అమెరికన్ ఆటగాడు పాల్ మోర్ఫీ తెల్లతో ఆడిన ఆటతో మొదలుపెట్టండి, 17 ఎత్తుల్లో మేట్. 8వ ఎత్తు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. బీ7లో బంటు ఉత్తినే దొరుకుతోంది, మంత్రితో తినేయొచ్చు. కానీ తింటే నల్లమంత్రి బీ4కి వచ్చి చెక్ చెబుతుంది, మంత్రులు మారిపోతాయి, ఎదుటివాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. మోర్ఫీ బంటును వదిలేసి గుర్రాన్ని సీ3కి తెచ్చాడు. ఎందుకో మీ మాటల్లో రాయండి. రాయలేకపోతే 9వ ఎత్తుకు వెళ్ళొద్దు.

ఎండ్‌గేమ్‌లో, అంటే కొన్ని పావులే మిగిలిన చివరి దశలో, ముందు నేర్చుకోవాల్సింది: రాజు, బంటు ఒకవైపు, ఒంటరి రాజు ఇంకోవైపు. తెల్లరాజు ఈ6లో, బంటు ఈ5లో, నల్లరాజు ఈ8లో ఉంటే ఎవరి వంతైనా తెల్లదే గెలుపు. ఆ మూడింటినీ ఒక్కో గడి కిందకు దించండి: ఈ5, ఈ4, ఈ7. ఇప్పుడు తెల్ల వంతయితే డ్రా, నల్ల వంతయితే తెల్ల గెలుపు. ఈ డ్రాను నిలబెట్టుకోవడంలో మెలకువ చివర్లో ఉంది. బంటు ఈ6కి వచ్చినప్పుడు ఈ7లో ఉన్న నల్లరాజు నేరుగా ఈ8కే తగ్గాలి, డీ8కో ఎఫ్8కో పక్కకు జరిగితే పని అయిపోయినట్టే. చదివి తలూపితే రాదు, బోర్డు మీద రెండు వైపులా ఇంజిన్‌తో ఆడి చూడండి. చేతికి పట్టుబడ్డాక ఏనుగుల ఎండ్‌గేమ్‌లో లుసేనా, ఫిలిడార్ అని పేరున్న స్థానాలు చూడొచ్చు.

ఇక ఓపెనింగ్‌లు. తెల్లతో ఒకటి; నల్లతో ఆడేటప్పుడు, తెల్ల బంటు మొదట ఈ4కి వస్తే ఒక జవాబు, డీ4కి వస్తే ఒక జవాబు. ఏవైనా సరే, ఏడాది పాటు మార్చకండి. ఆట అయ్యాక, మీరు ఎక్కడ దారి తప్పారో ఆ ఒక్క ఎత్తు చూసి, అదే నోట్‌బుక్‌లో చివరి పేజీల్లో రాసుకోండి.