ఓవల్ వజ్రపు ఉంగరం కొనేముందు చూడాల్సినవి

గుండ్రటి వజ్రానికి ల్యాబ్ రిపోర్టులో కట్ గ్రేడ్, అంటే కోత నాణ్యతకు ఇచ్చే గ్రేడు, ఉంటుంది. ఓవల్ విషయంలో చాలా రిపోర్టులు పాలిష్ (ఉపరితలపు నునుపు), సిమెట్రీ (కోతలోని సమతూకం) దగ్గరే ఆగిపోతాయి. అందుకే బరువు, రంగు, క్లారిటీ (మచ్చలు లేని స్వచ్ఛత) అన్నీ ఒకటేనని రాసి ఉన్న రెండు రాళ్లలో ఒకటి మిలమిల మెరిస్తే, రెండోది నడుమ నల్లబడి కళ తప్పి కనిపించవచ్చు. రిపోర్టు లేని రాయిని కొనొద్దు. రిపోర్టు ఒక్కదాన్నే చూసి అసలే కొనొద్దు.

ముందు ఆకారం తేల్చుకోండి. పొడవును వెడల్పుతో భాగిస్తే నిష్పత్తి వస్తుంది: 8.10 × 5.80 మి.మీ. రాయికి దాదాపు 1.40. ఇది 1.30 దగ్గరుంటే రాయి బొద్దుగా, 1.50 దగ్గరుంటే సన్నగా సాగినట్టు ఉంటుంది. ఎటూ తేలకపోతే 1.35–1.45 మధ్య వెతకడం మొదలుపెట్టండి. నిష్పత్తి బాగున్నా ఆకారం చెడి ఉండవచ్చు. విడి రాయిని బోర్లించి తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. నాలుగు భుజాలూ, అంటే పక్కల నుంచి కొనలకు తిరిగే చోట్లు, ఒకే వంపు తిరగాలి. పక్కలు గీత గీసినట్టు తిన్నగా ఉన్నా, కొనలు మొనదేలినా ఆ రాయి వద్దు.

ఓవల్‌లో అసలు పరీక్ష బో టై. రాయి నడుమ అడ్డంగా, బో టై ఆకారంలో పరుచుకునే నల్లటి నీడ ఇది. అక్కడ కోసిన చిన్న చదును ముఖాలు వెలుతురుకు బదులు చూసేవారి తలనే ప్రతిబింబించడం వల్ల ఏర్పడుతుంది. దాదాపు ప్రతి ఓవల్‌లో ఎంతో కొంత ఉంటుంది, లేత నీడ మెరుపుకు లోతునిస్తుంది కూడా. షోకేసు స్పాట్‌లైట్ల కింద దీన్ని అంచనా వేయలేం. రాయిని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, ఎండ నేరుగా పడని చోట కంటికి 25–30 సెం.మీ. దూరంలో పట్టుకుని మెల్లగా అటూ ఇటూ వంచండి. నీడ చెదిరి వెలుగుగా మారితే మంచి రాయి. ఎటు వంచినా నలుపు కదలకపోతే ధర ఎంత తగ్గించినా వదిలేయండి. రాయి వెడల్పులో లోతు 58–63 శాతం, టేబుల్ (పైనుండే పెద్ద చదును ముఖం) 53–63 శాతం అన్నవి మొదటి జల్లెడ మాత్రమే. అందులో నిలిచిన రాళ్లలోనూ ముదురు బో టై ఉండవచ్చు.

రంగు కొనల దగ్గర చిక్కబడుతుంది, అందుకే పైనుంచి చూసేటప్పుడు కొనలనే చూడండి. రంగు గ్రేడు డి (రంగులేనిది) నుంచి జెడ్ వరకు ఉంటుంది; ప్లాటినం, వైట్ గోల్డ్‌కు జి లేదా హెచ్ తీసుకోవచ్చు. పసుపు బంగారంలో జె కూడా నప్పుతుంది. క్లారిటీలో గ్రేడు కన్నా మచ్చ ఉన్న చోటు ముఖ్యం: టేబుల్ కింద నల్ల చుక్క కనబడిపోతుంది, అంచున ఉన్నది మెరుపులో కలిసిపోతుంది.

క్యారెట్లతో పాటు మిల్లీమీటర్లూ అడగండి. 1 క్యారెట్ అంటే 0.2 గ్రాముల బరువు, అంతే. చక్కగా కోసిన 1 క్యారెట్ ఓవల్ 7.7 × 5.7 మి.మీ. చుట్టుపక్కల ఉంటుంది. కొలత బాగా తగ్గిందంటే బరువంతా అడుగున లోతులో దాగిందన్నమాట.

దెబ్బ మొదట తగిలేది కొనలకే. గిర్డిల్ (రాయి చుట్టూ ఉండే అంచు) 'చాలా పలచన' అని రిపోర్టులో ఉంటే పొదిగేటప్పుడే చిట్లే ప్రమాదం ఉంది. నాలుగు ప్రాంగ్స్ (రాయిని పట్టుకునే లోహపు కొక్కేలు) అయితే రెండేసి చొప్పున కొనలకు దగ్గరగా ఉండాలి. పెద్ద రాయికి ఆరు పెట్టించడం, లేదా చుట్టూ లోహపు అంచుతో బెజెల్ చేయించడం నయం. ఉంగరపు కడ్డీ 1.8 మి.మీ. కన్నా సన్నబడితే వంగే అవకాశం పెరుగుతుంది, పైన బరువెక్కువై రాయి పక్కకు తిరిగిపోతుంది. పెళ్లి ఉంగరాన్ని ఇదే వేలికి జతగా వేసుకునే ఆలోచన ఉంటే, తిన్నటి ఉంగరమొకటి పక్కన పెట్టి సందు వస్తుందేమో ఇప్పుడే చూసుకోండి.

వేలి కొలత చలి ఉదయాన తీసుకోవద్దు, వేళ్లు అప్పుడు సన్నబడి ఉంటాయి. సాయంత్రం తీసుకుని, కణుపు దాటుతుందో లేదో సరిచూడండి.

ఉంగరం చేతికందాక 10 రెట్ల భూతద్దంతో గిర్డిల్ మీద చెక్కిన నంబరు ఉంటే దాన్ని రిపోర్టుతో పోల్చండి. చెవి దగ్గర పెట్టి వేలితో తట్టండి; టకటక శబ్దం వస్తే రాయి వదులుగా ఉంది. మెత్తటి గుడ్డతో ప్రాంగ్స్ మీద రుద్దండి. దారం తగులుకుంటే ఆ కొస సరిగా వంచలేదు, అక్కడే సరిచేయించాకే ఇంటికి తీసుకెళ్లండి.