కంకర దారి లెవెల్ చేద్దామని దిగితే ఇంకా పాడైందా? ట్రాక్టర్ వెనక బ్లేడుతో వచ్చే తిప్పలు, వాటి మందులు

చిన్న ట్రాక్టర్ ఉంది, వెనక బాక్స్ బ్లేడు (పెట్టెలా ఉండి, అడుగున మట్టి కోసే బ్లేడు, గీరే పళ్ళు ఉండే పరికరం) తగిలించాం, గేటు నుంచి ఇంటిదాకా ఉన్న కంకర దారి గంటలో నున్నగా చేసేద్దాం అనుకుని మొదలెట్టినవాళ్ళలో చాలామంది సాయంత్రానికి తల పట్టుకుని కూర్చుంటారు, నేనూ కూర్చున్నా. మొదటిసారి నేను లెవెల్ చేసిన దారి మీద కారు పోతుంటే సీట్లో పెట్టిన నీళ్ళ బాటిల్ ఎగిరి కింద పడింది, నేను చెయ్యి పెట్టకముందు అది పడేది కాదు మరి. అందుకని ఏ లక్షణం కనిపిస్తే ఎక్కడ చూడాలో నాకు తెలిసినంతవరకు రాస్తున్నా. కొత్త కంకర లోడు తెప్పించే ముందు ఇది ఒకసారి చదవండి, ఎందుకంటే చాలాసార్లు తక్కువైంది కంకర కాదు, ఉన్న కంకర ఉండాల్సిన చోట లేదు అంతే.

దారంతా అలలు అలలుగా అయిపోయింది

ముందు ఆ అలలు ఎవరు చేశారో తేల్చుకోండి. గతుకులు దగ్గరదగ్గరగా, అడుగు నుంచి మూడడుగుల దూరంలో ఉండి, మలుపుల్లోనూ ఎత్తు ఎక్కేచోట, బ్రేకు వేసేచోటే ఉంటే అది కార్ల స్పీడు పని. బాగా దూరం దూరంగా, దారి పొడుగునా మెల్లగా లేచి పడుతున్నట్టు ఉంటే అది మీ ట్రాక్టర్ పనే.

ఎందుకంటే బ్లేడు వెనక చక్రాలకి కూడా వెనకాల ఉంటుంది. ముందు చక్రం చిన్న దిబ్బ ఎక్కిందంటే ట్రాక్టర్ ముక్కు లేస్తుంది, తోక దిగుతుంది, తోకకి బ్లేడు ఉంది కాబట్టి అది అక్కడ లోతుగా కోస్తుంది. కాసేపటికి వెనక చక్రం అదే దిబ్బ ఎక్కినప్పుడు బ్లేడు పైకి లేచి మట్టి వదిలేస్తుంది. అంటే ఉన్న ఒక్క గతుకుని మీరు చేతులారా ముందుకీ వెనక్కీ రెండు మూడుగా కాపీ చేస్తున్నారన్నమాట. దీనికి తోడు మనం సీట్లోంచి వెనక్కి తిరిగి చూస్తూ లోతు ఎక్కువైందని లీవర్ ఎత్తడం, తక్కువైందని దించడం, ప్రతిసారీ ఒక క్షణం ఆలస్యంగా. ఆ చెయ్యి ఆగితే సగం అలలు ఆగిపోతాయి, నిజంగా.

ఏం చెయ్యాలంటే, మొదట బాక్స్ బ్లేడుకి ఉన్న పళ్ళు దించి ఆ అలల అడుగు దాకా మొత్తం గీరెయ్యాలి. పైపైన దిబ్బలు కోసి పల్లాల్లో పోస్తే పల్లంలో వదులు మట్టి, దిబ్బ కింద గట్టి మట్టి ఉండిపోయి వారం తిరక్కుండా పాత అచ్చే మళ్ళీ తేలుతుంది. దారి వెడల్పు ఉంటే నిలువుగా కాకుండా కొంచెం ఏటవాలుగా అటూ ఇటూ పోండి, రెండు ముందు చక్రాలూ ఒకేసారి గతుకు ఎక్కవు. లో గేరు, మనిషి నడక కంటే నెమ్మది. ఆఖరి రౌండు మాత్రం పళ్ళు పూర్తిగా ఎత్తేసి, టాప్ లింక్ (బ్లేడుని పైనుంచి ట్రాక్టర్‌కి కలిపే కడ్డీ, తిప్పితే పొడుగూ పొట్టీ అవుతుంది) పొడుగు చేసి, లీవర్ మొత్తం కిందికి వదిలేసి పోవాలి, బ్లేడు తన బరువు మీద తనే తేలుతూ వస్తుంది.

మీకు ఏటా ఇదే పని ఉంటే లాండ్ ప్లేన్ అనే పరికరం చూడండి. రెండు పక్కలా పొడుగాటి స్కిడ్లు, మధ్యలో రెండు బ్లేడ్లు ఉంటాయి. స్కిడ్లు నేలమీద ఆనుకుని జారతాయి కాబట్టి ట్రాక్టర్ ఎంత ఊగినా బ్లేడుకి అంతగా తెలీదు. చెయ్యి తిరగనివాళ్ళకి బాక్స్ బ్లేడు కంటే ఇదే మేలని నా అభిప్రాయం. కాకపోతే దీంతో మట్టి ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోసుకెళ్ళడం కుదరదు, ఆ పనికి బాక్స్ బ్లేడే రాజు.

బ్లేడు కొయ్యట్లేదు, ఊరికే జారుతోంది, లేదా పాతుకుపోతోంది

రెండూ ఒకే జబ్బు, టాప్ లింక్. దాన్ని పొట్టి చేస్తే బాక్సు ముందుకి వంగుతుంది, పళ్ళూ ముందు బ్లేడూ నేలలోకి దిగుతాయి. పొడుగు చేస్తే వెనక్కి వాలుతుంది, వెనక అంచు మీద బరువు పడి నున్నగా రుద్దుతుంది. ఒకసారి సిమెంట్ నేల మీద బాక్సు దించి సమంగా కూర్చునేలా టాప్ లింక్ తిప్పి, ఆ చోట మర మీద పెయింట్‌తో చుక్క పెట్టుకోండి. అక్కడినుంచి ఒకటి రెండు చుట్లు తిప్పి చూడ్డమే, ఐదారు చుట్లు ఒకేసారి తిప్పితే ఏ చుట్టు ఏం చేసిందో ఎప్పటికీ తెలీదు.

బాక్సు తనంతట తనే లోతుకి దిగిపోయి ఇంజిన్ మూలుగుతుంటే లింక్ మరీ పొట్టి అయ్యుంటుంది, లేదా పళ్ళు ఎక్కువ దించుంటారు. గట్టి నేలమీద అన్ని పళ్ళూ ఒకేసారి వద్దు, ఒకటి విడిచి ఒకటి పెట్టండి, ముందు ఇంచు లోతు, రెండో రౌండులో ఇంకో ఇంచు. ఇంత చేసినా కొయ్యకపోతే బ్లేడు అంచు మీద చెయ్యి పెట్టి చూడండి, గుండ్రంగా అరిగిపోయి ఉంటుంది. చాలా బ్లేడ్లకి ఆ అంచు బోల్టులు విప్పి తిరగేసి బిగించొచ్చు, రెండో వైపు కొత్తదే.

ఇంకోటి, ఎండకి ఎండి రాయిలా ఉన్న దారితో కుస్తీ పట్టకండి. వాన పడి ఒకట్రెండు రోజులయ్యాక, గుప్పిట్లోకి తీసుకుని పిసికితే ముద్ద కట్టాలి, నీళ్ళు కారకూడదు, అప్పుడు దిగండి. అప్పుడు గంటలో అయ్యే పని ఎండలో రోజంతా దున్నినా అవదు, పైగా దుమ్ముతో పాటు రాళ్ళని పట్టి ఉంచే సన్న పొడి కూడా గాలికి పోతుంది.

గుంతలు పూడ్చిన చోటే మళ్ళీ గుంతలు

దీనిమీదే జనం ఎక్కువ డబ్బు పోసుకుంటారు. గుంత దగ్గర కూర్చుని ఒక స్క్రూడ్రైవర్ గుచ్చి చూడండి. అంచులో దిగదు, గట్టిగా ఉంటుంది, అడుగున మాత్రం వెన్నలో దిగినట్టు దిగుతుంది. అంటే అది గిన్నె. గిన్నెలో మీరు నాలుగు గంపల కంకర పోశారు, వాన పడితే నీళ్ళు అక్కడే నిలుస్తాయి, టైరు ఎక్కిన ప్రతిసారీ ఆ నీళ్ళు సన్న పొడిని చిమ్మేస్తాయి, రాళ్ళు విడివిడిగా అయిపోయి పక్కకి ఎగురుతాయి, గిన్నె ఖాళీ.

కాబట్టి పూడ్చడం కాదు, గిన్నె అంచు పగలగొట్టాలి. గుంత లోతు మూడు ఇంచులైతే చుట్టుపక్కల దారిని కూడా మూడు ఇంచులు, వీలైతే ఇంకో అర ఇంచు ఎక్కువ, పళ్ళతో గీరి, ఆ మట్టి కంకర అంతా కలిపి మళ్ళీ పరిచి తొక్కించాలి. అప్పుడు గుంతకీ పక్కదానికీ తేడా ఉండదు. అడుగున ఎప్పుడూ బురదే ఉంటే మాత్రం బ్లేడుతో అయ్యేది కాదు, ఆ బురద తీసేసి జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీళ్ళని వదిలి మట్టిని ఆపే గట్టి గుడ్డ) పరిచి దానిమీద పెద్ద రాయి, ఆపైన చిన్న కంకర వెయ్యాల్సిందే. లేకపోతే ఎంత రాయి వేసినా నేల మింగుతూనే ఉంటుంది.

పళ్ళు దించే ముందు ఆ దారి కింద నీళ్ళ పైపు, కరెంటు కేబుల్ ఏమైనా ఎటు పోతున్నాయో కనుక్కోండి. ఇది నవ్వులాటగా చెప్తున్నది కాదు.

ఒక పక్క లోతు, ఇంకో పక్క ఎత్తు

చాలా ట్రాక్టర్లకి కుడి పక్క లిఫ్ట్ రాడ్‌కి (బ్లేడుని ఎత్తే కడ్డీకి) తిప్పే హ్యాండిల్ ఉంటుంది, లెవెల్ దాంతోనే. సమంగా ఉన్న నేలమీద ఆపి, బ్లేడు రెండు చివర్లూ నేలకి ఎంత ఎత్తున ఉన్నాయో టేపుతో కొలవండి, కంటితో చూసి సరిపోయిందనుకోవద్దు. అంతకంటే ముందు రెండు వెనక టైర్ల గాలి చూడండి, నేను ఒక మధ్యాహ్నమంతా ఆ హ్యాండిల్ తిప్పి తిప్పి చివరికి చూస్తే ఒక టైరులో గాలి సగమే ఉంది. టైర్లు బాగున్నా ఒక చక్రం పాత గాడిలో నడుస్తుంటే బ్లేడు అటు వాలుతుంది, అప్పుడు గాడికి కాస్త పక్కగా నడపండి. పక్క గొలుసులు మరీ వదులుగా ఉంటే బ్లేడు అటూ ఇటూ ఈదుతుంది, అదీ చూసుకోండి.

నీళ్ళు దారి మధ్యలోనే నిలుస్తున్నాయి

ఇదే హ్యాండిల్‌ని ఇక్కడ కావాలనే వంకర పెట్టాలి. దారి మధ్యలో ఎత్తు, అంచుల్లో పల్లం ఉంటేనే నీళ్ళు పోతాయి. అడుగుకి అర ఇంచు వాలు లెక్కేసుకుంటే పదడుగుల దారిలో మధ్య నుంచి అంచుకి అయిదడుగులు, అంటే మధ్యలో రెండున్నర ఇంచుల ఎత్తు చాలు. మామూలు వెనక బ్లేడు (పెట్టె లేకుండా ఒక్క పలకే ఉండేది) ఉంటే దాన్ని కోణంలో తిప్పి, ముందుండే కొస దారి అంచు వైపు కాస్త కిందికి, వెనకుండే కొస మధ్య వైపు ఉండేలా పెట్టి రెండు పక్కలా పోతే, అంచుకి జారిపోయిన కంకరంతా దొర్లుకుంటూ మధ్యకి వస్తుంది. మీరు కొత్తగా కొనాలనుకున్న లోడులో చాలా భాగం అక్కడే, గడ్డి మొదట్లో దాక్కుని ఉంటుంది. గడ్డి వేళ్ళతో సహా వస్తే ముందు రేక్‌తో (పళ్ళున్న దంతెతో) లాగి ఏరెయ్యండి, దారిలో కలిపేస్తే అది కుళ్ళి మళ్ళీ మెత్తబడుతుంది.

అంచున గడ్డితో కట్టలా పేరుకున్న ఆ గట్టుని మాత్రం ఉంచొద్దు. దారికి ఎంత వాలు పెట్టినా ఆ గట్టు దగ్గర నీళ్ళు ఆగి, దారి వెంబడే కాలవలా పారి కోసుకుపోతాయి.

టైర్లు తిరుగుతున్నాయి, బండి కదలట్లేదు

లోతు తగ్గించండి, ఫోర్ వీల్ వెయ్యండి, బరువు పెట్టండి. డిఫ్ లాక్ (రెండు వెనక చక్రాలూ కలిసి ఒకేలా తిరిగేలా చేసేది) నేరుగా పోయేటప్పుడే, తిరిగేటప్పుడు వద్దు. ఇరుక్కుంటే గొలుసుని ట్రాక్టర్ వెనక కింద ఉండే డ్రాబార్‌కే (లాగడానికి పెట్టిన కడ్డీకే) కట్టి లాగించండి, టాప్ లింక్ చోట కట్టి లాగితే ట్రాక్టర్ ముందు చక్రాలు లేచి వెనక్కి తిరగబడుతుంది, మనుషులు పోయేది ఇలాగే.

అంతా బాగుంది కానీ కంకర కుదురుకోవట్లేదు

రాళ్ళు గుండ్రంగా ఉన్నాయేమో చూడండి. గులకరాళ్ళు గోళీల్లా దొర్లుతాయి, ఏ బ్లేడూ వాటిని కూర్చోబెట్టలేదు. క్రషర్లో పగలగొట్టిన, మూలలున్న రాయి, దాంతో పాటు పొడి కూడా కలిసి రావాలి, కడిగిన రాయి చూడ్డానికి బాగుంటుంది తప్ప పట్టు ఉండదు. పరిచాక తడిపి, రోలర్ ఉంటే రోలర్‌తో, లేకపోతే ట్రాక్టర్ చక్రాలతోనే ఈ చివర్నుంచి ఆ చివరికి అంగుళం వదలకుండా తొక్కించండి. కొత్తది వేస్తుంటే ఒక్కసారే ఎత్తుగా పోయకుండా మూడు నాలుగు ఇంచుల పొరలుగా, ఒక పొర తొక్కించాకే రెండోది.

తర్వాత మొదటి పెద్ద వానలో గొడుగేసుకుని నాలుగు పుల్లలు పట్టుకుని దారి మీదికి వెళ్ళండి. నీళ్ళు ఎక్కడ ఆగితే అక్కడ ఒక పుల్ల గుచ్చి రండి, ఆరాక ట్రాక్టర్ ఆ పుల్లల దగ్గరికి మాత్రం తీసుకెళ్తే చాలు.