మేపుల్ పాకంలో కలకండ పలుకులు: నా అనుభవం

అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో మా ఇల్లు కొండమీద, దాదాపు 1,500 అడుగుల ఎత్తులో ఉంటుంది. రాత్రి గడ్డకట్టే చలి, పగలు కాస్త ఎండ ఉండే మార్చిలో పెరట్లోని మేపుల్ చెట్లకు, వాటి నుంచి కారే తియ్యటి రసం పట్టడానికి బకెట్లు తగిలిస్తాం. 40 లీటర్ల రసం కాస్తే వచ్చేది ఒక్క లీటరు పాకం, అదే సిరప్. పోయినేడు సీసాలన్నిటి అడుగునా కలకండ పలుకులు పేరుకున్నాయి. గాజుకు అతుక్కుపోయి, చెంచాతో గీకినా రాలేదు. ప్రాణం ఉసూరుమంది.

పాకం దించడానికి అందరూ చెప్పే 219 డిగ్రీల ఫారెన్‌హీట్ లెక్క సముద్రమట్టానికి. ఎత్తులో నీళ్లు ముందే మరుగుతాయి కాబట్టి, 219 వచ్చేసరికి పాకం ముదిరిపోయి పలుకులు కడుతోంది. ఈసారి ముందు ఉత్త నీళ్లు మరిగించి చూశాను: 209. నీళ్ల మరుగు కన్నా పాకానికి ఎక్కువ కావలసిన 7 డిగ్రీలు దానికి కలిపి, 216 దగ్గర దించేశాను. గాలి ఒత్తిడిని బట్టి కూడా ఇది మారుతుంది, కాచే ప్రతిరోజూ చూసుకోవాల్సిందే. గరిటె అంచు నుంచి చుక్కలుగా కాక పొరలా జారితే అయినట్టే. అరిసెల పాకం పట్టిన చేతికి ఇది ఇట్టే తెలుస్తుంది.

పాత సీసాల్లో వేడినీళ్లు పోసి పలుకులు కరిగించి, కొత్త రసంలో కలిపేశాను. ఇక్కడి ఆనవాయితీ ప్రకారం కొంచెం సిరప్‌ను ఇంకా ముదరకాచి, తాజా మంచు మీద తీగలా పోసి పిల్లలకిచ్చాను, పక్కన పుల్లటి ఊరదోసకాయ ముక్కతో.