లేబుల్ కత్తిరించిన చొక్కా: గూఢచారి ప్రేమ నవల రాసే తీరు

మా నాయినది నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర బట్టలు కుట్టే దుకాణం. ఇప్పుడు నేనే నడుపుతున్నాను. రాత్రి షట్టర్ దించాక కటింగ్ బల్ల మీదే నోట్‌బుక్ పెట్టుకుని నవలలు రాస్తాను. ఈ మధ్య ఇద్దరు ముగ్గురు పిల్లలు "అక్కా, తలదాచుకున్న గూఢచారి ప్రేమకథ రాయాలనుంది, ఎట్ల మొదలుపెట్టాలె?" అని అడిగారు. వాళ్ల కోసమే ఇది.

తుపాకీతో మొదలుపెట్టకండి. నా మొదటి నవల దుబాయ్‌లో కారు ఛేజింగ్‌తో మొదలైంది. దుబాయ్ నేను చూసిందీ లేదు, ఆ కారు ఎక్కిందీ లేదు. అరవై పేజీలు రాసినా ఒక్క మనిషికీ ప్రాణం రాలేదు. ఒక పత్రిక వాళ్లు తిప్పి పంపినప్పుడు చాలా రోజులు బాధపడ్డాను. చొక్కా చేతిలోకి తీసుకున్నాకే నాకు కథ చిక్కింది.

టైలర్ కుట్టిన చొక్కాకు కాలర్ లోపల లేబుల్ ఉంటుంది. దుకాణం పేరు, దాని కింద ఊరి పేరు. ఊరూ పేరూ మార్చుకున్నవాడు ముందుగా పీకేసేది దాన్నే. కానీ లేబుల్ పోయినా దాని జాడ పోదు. నాలుగు వైపులా సూది బెజ్జాలు ఉంటాయి. అది కప్పి ఉంచిన మేర బట్ట వెలవకుండా కొత్తదానిలా మెరుస్తుంటుంది. నా నవలలో నాయిక మా జిల్లాలోని హాలియాలో ఒక టైలర్ కూతురు. చిరిగిన జేబు కుట్టమని అతను ఇచ్చిన చొక్కాను తిరగేసి ఆ ఖాళీని చూస్తుంది. ఏమీ అనదు. జేబు కుట్టి, ఇరవై రూపాయలు తీసుకుని, మడత పెట్టి ఇస్తుంది. మొదటి అధ్యాయం అక్కడితో ఆపేశాను. మీకు ఏ పని తెలిస్తే ఆ పని కళ్లతోనే అతన్ని చూడండి. మెడికల్ షాపులో పనిచేస్తే మందుల చీటీ, బత్తాయి తోట ఉంటే కాయ తెంపే చెయ్యి.

తరువాత అతను ఎవరి మనిషో తేల్చుకోండి. దేశం లోపలి సంగతులు చూసే గూఢచారి సంస్థ ఐబీ (ఇంటెలిజెన్స్ బ్యూరో), బయటివి చూసేది రా (రీసెర్చ్ అండ్ అనాలిసిస్ వింగ్). 1968లో ఐబీ నుంచి వేరుచేసి రా పెట్టారు, మొదటి అధిపతి ఆర్.ఎన్. కావ్. ఈ రెండింటికీ అరెస్టు చేసే అధికారం లేదు, బేడీలు వేసేది పోలీసులే. మీ నాయకుడు కార్డు చూపించి ఎవరినో లోపలేస్తే తెలిసిన పాఠకుడు పుస్తకం మూసేస్తాడు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం కూడా గుర్తుంచుకోండి. ఆమెకు నిజం చెప్పాలని అతనికి ఎంత ఉన్నా, చెప్పడమే నేరం కావచ్చు. ప్రేమకు ఇంతకంటే పెద్ద అడ్డు మీరు కల్పించి పెట్టనక్కర్లేదు.

మనిషి దాగడం ఇప్పుడెంత కష్టమో కూడా రాయండి. గది అద్దెకు కావాలంటే ఆధార్ జిరాక్స్ అడుగుతారు. రేషన్ షాపులో వేలిముద్ర పెట్టాలి. సిమ్ మార్చినా ఫోన్‌కున్న 15 అంకెల ఐఎంఈఐ నంబరు మారదు. అందుకని నా నాయకుడికి ఫోనే పెట్టలేదు. ఈ కాలంలో ఫోన్ లేని మగమనిషి అంటే హాలియాలో దానికదే ఒక వార్త.

వీటన్నిటికంటే గట్టి నిఘా అరుగుల మీద ఉంటుంది. "ఏ ఊరు బిడ్డా? ఎవరోళ్లు మీరు? ఇంటిపేరేంది?" ఈ మూడు ప్రశ్నలు దాటకుండా మన దగ్గర ఎవరూ ఒక పూట కూడా ఉండలేరు. హిందీ వస్తే ఎవరూ అనుమానించరు, నిజాం ఏలిన నేల ఇది. మాటే పట్టిస్తుంది. దేవరకొండలో పుట్టానని చెప్పుకున్నవాడు కిరాణా కొట్లో "అరకిలో ఉల్లిపాయలు" అన్నాడనుకోండి, ఉల్లిగడ్డ తూచే చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఒక్క క్షణాన్ని అరపేజీ రాయండి.

మా అవ్వ తెలంగాణ సాయుధ పోరాటం నాటి మనిషి. రాత్రిపూట పేరు మార్చుకుని వచ్చినవాళ్లకు గటక పెట్టిన ఇల్లు మాది. "వచ్చినోని పేరు అడగొద్దు, ఆకలి అడగాలె" అనేది. నా నాయికను ఆ మాట మీదనే నిలబెట్టాను.

ఇక ప్రేమ. నేను అన్నిటికంటే ఎక్కువ రోజులు ఆలోచించింది దీని గురించే. ఆఫీసు వాళ్లు అతనికి ఇచ్చిన దొంగ ఇంటిపేరు, నాయిక ఇంటిపేరు ఒకటే అయ్యేట్టు రాశాను. కులమూ కలిసింది. వాళ్లమ్మ ఎంత సంబరపడుతుందో! "మనోడే! నీకు అన్న వరుస" అని ఆ పూట అన్నం తినకుండా పోనివ్వదు. అబద్ధం అతన్ని ఊరి నుంచి కాపాడింది, ఆమెకు మాత్రం కాకుండా చేసింది. నిజం చెబితే ప్రాణం మీదికి వస్తుంది, చెప్పకపోతే జన్మంతా అన్నే. నాయిక ఆ రోజు నుంచి అతన్ని ఏ పిలుపుతోనూ పిలవదు. ఎదురుపడితే "ఇగో" అంటుంది, అంతే. మిగతా అందరూ అన్నా, తమ్మీ అంటుంటే ఆ ఒక్క "ఇగో" దగ్గర పాఠకుడి గుండె ఆగాలి.

ముట్టుకోవడాలు తొందరపడి రాయకండి. మా దుకాణంలో నాయిన టేపు పట్టి అంకెలు చెప్పేవాడు, నేను రాసుకునేదాన్ని. నవలలోనూ అంతే: "భుజం 18, చెయ్యి 25, ఛాతీ 40." ఆమె అతన్ని తాకలేదు, కానీ అతని కొలతలన్నీ ఆమె దస్తూరిలో ఉన్నాయి. ఆరు నెలలకు మళ్లీ కొలిస్తే ఛాతీ 38. పెన్ను ఆగుతుంది. అతను నిద్రపోవడం లేదని, ఎవరో దగ్గరికి వస్తున్నారని ఆమెకు తెలిసేది అలా.

వెతికేవాణ్ని ఎప్పుడు దించాలి? ఊరు కొత్త ముఖాలను పట్టించుకోని రోజు చూసుకోండి. నాగార్జునసాగర్ డ్యామ్ గేట్లు ఎత్తినప్పుడు, 26 గేట్ల నీళ్లు చూడ్డానికి నల్లగొండ, మిర్యాలగూడల వైపు నుంచి కార్లన్నీ హాలియా మీదుగానే పోతాయి. వందమంది చాయ్ తాగడానికి ఆగుతారు, అందులో ఒకడు జేబు కుట్టించుకోవడానికి దుకాణంలోకి వస్తాడు. వాడి కాలర్‌లోనూ లేబుల్ లేదు. ఇక్కడ మాత్రం ఒక్క మాట ఎక్కువ రాయకండి.

నాయికా నాయకులిద్దరినీ ఏకాంతంగా మాట్లాడుకోవడానికి నల్లగొండ పక్కనున్న పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి పంపాను. లింగం మీద పడే స్తంభం నీడ అక్కడ పొద్దంతా ఉంటుంది, ఏ స్తంభానిదో మాత్రం చూసి చెప్పలేం. దీన్ని పాఠకుడికి విప్పి చెప్పే వాక్యం మొదటి ప్రతిలో ఒకటి రాసి కొట్టేశాను. ఆమె లింగాన్ని చూస్తూ "గీ నీడ ఎవరిది?" అని మాత్రం అడుగుతుంది. అతను అక్కడే తన అసలు ఇంటిపేరు చెప్తాడు.

ఆ పేరు నేను పుస్తకంలో ఎక్కడా రాయలేదు. ఆమె విన్నది, చాలు. చివరి అధ్యాయంలో పెళ్లి పెట్టాలని మా చెల్లె చాలా పట్టుబట్టింది కానీ నేను ఒప్పుకోలేదు. అతను వెళ్లిపోయే ముందు రాత్రి, ఆమె ఆ పాత చొక్కా తిరగేసి, వెలవని ఆ నలుచదరం మీద తమ దుకాణం లేబుల్ పెట్టి నాలుగు వైపులా కుడుతుంది. లేబుల్ కింది వరుసలో హాలియా అని ఉంటుంది.